కొత్త కాలనీ - పాత చెట్లు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇప్పుడే మనమందరము ఉగాది పచ్చడి తిన్నాము. అందులోని వేపపువ్వు, మామిడికాయ, చింతపండు - ఈ మూడును చెట్లు ఇచ్చినవే. కాని ఈ సారి మనలో చాలామంది వేపపువ్వును బజారులో కొని తెచ్చుకొన్నారు. బళ్ళారి నుండి కప్పగల్లు పోయే దారిలో పొలాలు సైటులైపోతున్నవి. గట్ల మీది వేపలు, చింతలు మొదట పోతున్నవి. మన సభ్యులు కూడ అటువైపు సైటులు కొంటున్నారు గనుక ఈ విషయము మీ ముందు పెట్టుచున్నాను.

లేఅవుటు వేయువారు మొదట జె.సి.బి. పెట్టి నేలంతా చదును చేస్తారు. బోడి నేల చూచి కొనేవారు "శుభ్రముగా ఉన్నది" అని సంతోషపడతారు. ఇల్లు కట్టి ఒక ఎండాకాలము గడిపిన తరువాత గదా నీడ విలువ తెలిసేది! మన ప్రాంతములో సాలుకు పడే వాన 20 అంగుళాలకు కొంచెము అటూ ఇటూ. ఇక్కడ నాటిన మొక్కకు రెండు మూడు వేసవులు చేతితో నీళ్ళు పోయనిదే వేరు నిలవదు. గట్టు మీది వేప ఆ కష్టము ఎప్పుడో దాటి, ఎవరి నీళ్ళూ అడగకుండ నిలుచున్నది.

కప్పగల్లు గుట్ట మీద కొత్తరాతి యుగమువారు బండలపై చెక్కిన ఎద్దుల బొమ్మలు ఉన్నవి. రాయితో తట్టితే గంటవలె మ్రోగే బండలును ఉన్నవి. నాలుగు వేల ఏండ్లకు పైబడిన ఆ గుట్టనే క్వారీలు తొలిచినవి. పోయిన చెక్కడమును తిరిగి తేలేము. చెట్టుదేమున్నది, మళ్ళీ నాటవచ్చును గదా అంటారు. మొక్కను నాటవచ్చును. నలభై ఏండ్ల మానును నాటలేము.

1950లో మున్షీగారు వనమహోత్సవము ప్రారంభించిన నాటి నుండి మొక్కలు నాటుట మనకు పండుగ అయినది, మంచిదే. ఉన్న మానును కాపాడుటకు మాత్రము పండుగ లేదు. చట్టము ఉన్నది. 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టము ప్రకారము, మినహాయించిన కొన్ని జాతులు తప్ప, సొంత నేలలోని చెట్టునైనను వృక్షాధికారి అనుమతి లేక కొట్టరాదు. అడిగేవారు లేనిచో చట్టము కాగితము మీదనే ఉండును. అడిగితే ఏమగునో హైదరాబాదు - చేవెళ్ళ రోడ్డు చూడండి. అక్కడ సుమారు 900 మర్రిమానులు రోడ్డు వెడల్పులో పోవలసినవి. ప్రజలు హరిత ట్రిబ్యునలు దాకా పోయినందున చాలా మానులను ఉన్నచోటనే ఉంచి రోడ్డు వేయుటకు దారి ఏర్పడినది.

"చెట్టును ఉంచితే సైటు పోతుంది, ఆ నష్టము ఎవరు భరిస్తారు?" అని అమ్మేవారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. ఏ లేఅవుటులోనైనను పార్కుకు కొంత నేల విడువక తప్పదు. ఇప్పుడు అమ్ముడుపోని వంకరమూల దేనినో పార్కు అంటున్నారు. అట్లు గాక, మొదట చెట్లను లెక్కించి ప్లానులో గుర్తు పెట్టవలెను. చెట్లు గుంపుగా ఉన్న చోటనే పార్కు పెట్టవలెను. గట్టు మీది వరుసను రోడ్డు ప్రక్కకు వచ్చునట్లు గీత గీయవలెను. సైటుల గీతలు ఆ తరువాత. ఎటూ విడువవలసిన నేలే గనుక అమ్మేవారికి పోయేది తక్కువ.

ఉంచిన చెట్టును బ్రతికించుటయు తెలియవలెను. చెట్టుకు అన్నము పెట్టే వేళ్ళు ఎక్కువగా పై రెండడుగుల మట్టిలోనే ఉండి, కొమ్మల నీడను దాటి పోవును. అందుచేత పని మొదలు కాకముందే నీడ మేరకు కంచె వేయించండి. ఆ లోపల లారీలు నిలపరాదు, ఇటుకలు పేర్చరాదు, సిమెంటు కడిగిన నీళ్ళు పోయరాదు. మొదటి చుట్టూ గరుసు ఎత్తుగా పోస్తే వేళ్ళకు గాలి ఆడదు. కాలువ త్రవ్వి ఒక ప్రక్క వేళ్ళు నరికితే పెద్దగాలికి మాను పడును. ఇట్టి దెబ్బలు తిన్న చెట్టు వెంటనే చావదు; రెండు మూడేండ్లకు ఎండుతుంది. అప్పుడు "చెట్టు దానంతటదే పోయింది" అంటాము.

ఆకులు రాలి వాకిలి పాడగునని కొందరు, వాస్తుకు అడ్డమని కొందరు చెట్టు వద్దంటారు. ఆకులను చీపురుతో ఊడ్వవచ్చును. ఎండను ఊడ్చే చీపురు లేదు. వాస్తు పట్టింపు ఉన్నవారు ఆ సైటు మానుకొని వేరొకటి తీసుకోవచ్చును. చెట్టు లేచి వేరొక చోటికి పోలేదు.

కావున నా మనవి ఒక్కటే. సైటు చూడబోయినపుడు ధర అడుగుటకు ముందు ప్లాను అడగండి. ప్లానులో చెట్లు ఎక్కడ అని అడగండి. పది మంది కొనేవారు అడిగితే పదకొండవ లేఅవుటు చెట్లతోనే వచ్చును. మన సంఘము తరపున ఇద్దరు ముగ్గురు పూనుకొని, కప్పగల్లు దారిలో మిగిలిన పెద్ద చెట్ల జాబితా ఒకటి తయారుచేసి వృక్షాధికారికి అందజేయవలెనని ప్రతిపాదిస్తున్నాను. ఆ పనికి నా పేరు మొదట వ్రాసుకొనండి.

సెలవు.