పన్ను తీయించుకొనిన పిమ్మట
(ఒక గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇటీవల మేమొక గ్రామమునకు పోయినప్పుడు, నడివయసు రైతు ఒకడు చెంప పట్టుకొని సభ చివర కూర్చుండి యుండెను. దవడపన్ను తీయించుకొని మూడు దినములైనదట. మొదట నొప్పి తగ్గుముఖము పట్టినది. కోతలు ముమ్మరముగా నుండుటచే అతడు మరునాడే చేనికి పోయి, ఎప్పటివలెనే చుట్ట కాల్చినాడు. క్రిందటి రాత్రి నొప్పి చెవి వరకు ప్రాకి, కంటికి కునుకు లేకుండ చేసినది. "డాక్టరుగారు చెడ్డ పన్ను వదిలేసి మంచిది పీకేశారండీ. రేపు వెళ్ళి పక్కది కూడా పీకించేస్తాను" అని అతడు మాతో చెప్పెను.

మేమతనిని తిరిగి దంతవైద్యునియొద్దకే పంపితిమి. వైద్యుడు మరియొక పన్ను ముట్టలేదు. గుంటను కడిగి, అందులో మందు పెట్టి పంపెను. సాయంకాలమునకు నొప్పి చాలవరకు ఉపశమించినది. ఊరక పోవలసిన మంచి పన్ను ఒకటి నిలిచినది. నేటి మా ప్రసంగమునకు కారణమిదియే.

పన్ను తీయునప్పటి బాధను మానవుడు జయించి చాల కాలమైనది. 1844లో అమెరికా దేశమున హోరేస్ వెల్స్ అను దంతవైద్యుడు మత్తు వాయువు పీల్చి, తన పన్నునే తీయించుకొని చూచెను. నేడు చిగురులో సూదిమందు ఇచ్చినచో ఆ చోటు మొద్దుబారును. కాని ఆ మందు కొలది గంటలలో దిగిపోవును. ఆ తరువాతి సంరక్షణ వైద్యుని చేతిలో కన్న మన చేతిలోనే ఎక్కువగా నున్నది.

పన్ను తీసిన గుంటలో రక్తము గడ్డకట్టును. ఆ గడ్డయే ప్రకృతి మనకు వేసిన కట్టు. లోపలి ఎముకను, నరముల కొనలను అదియే కాపాడును. వరినారు నాటిన మరునాడే మొక్కను పెరికి, వేరు పట్టినదా లేదా యని చూచువాడుండునా? ఈ గడ్డ విషయమునను అంతియే, దానిని కదల్పరాదు.

కావున మొదటి దినమున వైద్యుడు పెట్టిన దూదిని అరగంట మొదలు ముప్పావుగంట వరకు గట్టిగా కరచి పట్టవలెను. మాటిమాటికి ఉమ్మివేయరాదు, పుక్కిలింపరాదు, వ్రేలితోగాని నాలుకతోగాని కెలుకరాదు, గొట్టముతో పానీయములు పీల్చరాదు. చెంపపై చల్లని తడిగుడ్డ వేయుచుండవలెను. లాలాజలములో కొంచెము ఎరుపు కనిపించినంత మాత్రమున భయపడనక్కరలేదు. చల్లార్చిన రాగిజావ, గంజి, మెత్తని పెరుగన్నము తీసికొనవచ్చును. పెరుగు తిన్న చీము పట్టుననుట వట్టి అపోహ. వేడి కాఫీయు, కారమును, జంతికలవంటి గట్టి పదార్థములును కొన్నాళ్ళు మానవలెను. తిమ్మిరి వదలువరకు పిల్లలు పెదవి కొరుకుకొనకుండ తల్లులు కనిపెట్టి యుండవలెను.

రెండవ దినము మొదలు గోరువెచ్చని గ్లాసెడు నీటిలో అర చెంచా ఉప్పు కలిపి, భోజనానంతరము మెల్లగా నోట త్రిప్పి వదలవలెను. వాపు రెండు మూడు దినములు పెరిగి తగ్గుట సహజము. నొప్పికి వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ బిళ్ళలు చాలును. ఆస్పిరిన్ స్వయముగా వాడిన రక్తస్రావము హెచ్చవచ్చును. దానిని నూరి చిగురుపై పెట్టినచో చిగురు కాలును. లవంగనూనె గుంటలో పోయుట, పొగాకు, సున్నము అదుముట కూడ హానికరములే.

నొప్పి దినదినమునకు తగ్గవలెను. అట్లు గాక, రెండవ దినము మొదలు నాలుగవ దినము లోపల కొత్తగా పెరిగి, చెవికి ప్రాకి, నోరు దుర్వాసన కొట్టినచో, గడ్డ ఊడి ఎముక బయటపడినదని అనుమానింపవలెను. మన రైతునకు జరిగినదిదియే. ఇది క్రింది దవడపండ్లకు, పొగ త్రాగువారికి ఎక్కువ. చుట్ట, బీడీ, గుట్కాలను కొన్ని దినములైనను మానుట మేలు. పూర్తిగా మానిన మరియు మేలు. ఇది వైద్యుని తప్పనిగాని, ప్రక్క పన్ను చెడినదనిగాని భావింపరాదు. వైద్యునియొద్దకు మరల పోయినచో చికిత్స సులభము.

కొన్ని లక్షణములు కనిపించినచో తెల్లవారు వరకు కూడ ఆగరాదు. శుభ్రమైన గుడ్డను అరగంట సేపు గట్టిగా కరచినను రక్తము ఆగకుండుట, జ్వరము వచ్చుట, నోరు తెరువరాకుండుట, వాపు దవడ క్రిందికి, మెడకు దిగుట. ఇక మ్రింగుటయు, ఊపిరి తీయుటయు కష్టమైనచో ప్రాణాపాయమే. వెంటనే 108కి ఫోను చేసి పెద్ద ఆసుపత్రికి చేరవలెను.

మధుమేహము గలవారును, గుండెజబ్బునకు రక్తము పలుచనగు మందులు వాడువారును, గర్భిణులును ఆ సంగతి ముందే వైద్యునకు చెప్పవలెను. ఆ మందులను తమంత తాము ఆపరాదు. పై పన్ను తీసిన కంటిచూపు పోవునను భయము మన పల్లెలలో నేటికిని కలదు. పంటి నరము వేరు, చూపు నరము వేరు. ఆ భయముతో చీముపట్టిన పన్నును దాచుకొనుటయే నిజమైన అపాయము. సంతలో పండ్లు పీకువానికి నోరు అప్పగింపకుడు. చట్టము ప్రకారము రిజిస్టరైన వైద్యుడే ఆ పనికి అర్హుడు.

ఆ రైతు వారము తిరుగకముందే కోతకు పోయెనని తెలిసి మేము సంతోషించితిమి. ఈసారి రొంటిని చుట్ట లేదట! మీ ఇంట ఎవరైన పన్ను తీయించుకొనినచో ఈ నాలుగు మాటలు జ్ఞాపకము చేయుడు. గుంటను కదల్పకుడు, పొగ మానుడు, నొప్పి పెరిగినచో ఓర్చుకొని కూర్చుండక వైద్యుని చూడుడు. ఓర్పు మంచి గుణమే కాని, చూపించుకొనవలసిన నొప్పిని దాచుట ఓర్పు కాదు.