వలిసె పూలు చూసొద్దాం రండి, గట్టు దాటకుండా

ఇవాళ పూలు చూడ్డానికి ఊరు కదలడం గురించి మాట్లాడుకుందాం.

గుళ్ళు, బీచ్‌లు, గుహలు ఏడాది పొడుగునా అక్కడే ఉంటాయి. ఈ నెల కుదరకపోతే వచ్చే నెల వెళ్తాం. పూల సంగతి అలా కాదండీ. వాటికి ఒక టైమ్ ఉంటుంది. ఆ రెండు మూడు వారాలు దాటితే మళ్ళీ ఏడాది ఆగాల్సిందే. అందుకే ఎక్కడికి వెళ్ళాలి అనేదాని కన్నా ఎప్పుడు వెళ్ళాలి అనేది ముందు చూసుకోవాలి.

మన దగ్గర దీనికి మంచి ఉదాహరణ అరకు. కార్తీక వనభోజనాల రోజులు వచ్చేసరికి, అంటే నవంబర్‌లో, అక్కడి కొండవాలు పొలాలన్నీ పసుపు రంగులోకి మారిపోతాయి. అవే వలిసె పూలు. డిసెంబర్‌లో కూడా కొన్నాళ్ళు ఉంటాయి. విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలు ఎక్కండి. సొరంగం తర్వాత సొరంగం దాటుకుంటూ వెళ్తుంది. చీకట్లోంచి బయటకు రాగానే ఒక లోయ, మళ్ళీ చీకటి, మళ్ళీ ఇంకో లోయ. శిమిలిగూడ దగ్గరకు వచ్చేసరికి మనం దాదాపు 1,000 మీటర్ల ఎత్తులో ఉంటాం. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా ఘాట్ ఉంది. అదే రోజుల్లో కాఫీ తోటల్లో పండ్లు ఎర్రగా మాగి ఉంటాయి, సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకి ఉంటాయి. ఒక్క ట్రిప్‌లో ఇన్ని చూడొచ్చు.

సరే, అసలు విషయానికి వస్తాను. ఆ పసుపు పొలాలు ఎవరో మన ఫోటోల కోసం వేసిన పూలతోటలు కావు. అది పంట. వలిసెలు నూనె గింజలు. పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన మొక్క. దీని పుట్టిల్లు ఇథియోపియా. వానాకాలం చివర్లో గింజలు చల్లుతారు. పెద్దగా నీళ్ళు అడగదు, బలం లేని నేలలో కూడా వస్తుంది. అందుకే కొండవాలు మీద గిరిజన రైతులకి ఇది అక్కరకొచ్చే పంట. గింజల నుంచి నూనె తీస్తారు. పక్షుల మేత కోసం విదేశాలకి కూడా ఈ గింజలు ఎగుమతి అవుతాయి.

ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించండి. వలిసె మొక్క తన పుప్పొడితో తాను గింజ కట్టదు. ఇంకో మొక్క పుప్పొడి రావాలి. దాన్ని తెచ్చేది తేనెటీగలు. చేను మధ్యలోకి కాదు, గట్టు మీద రెండు నిమిషాలు కదలకుండా నిలబడండి చాలు, ఝుమ్మని వినబడుతుంది. ఆ శబ్దమే ఆ రైతు పంట. మనం చేసేదేంటి? మంచి ఫోటో కోసం చేను మధ్యలోకి నడుస్తాం. ఒకరు వెళ్తే ఒక కాలిబాట. వెనకాల ఇంకో పది మంది అదే బాట పట్టుకుంటే పడిపోయిన మొక్కలు మళ్ళీ లేవవు. పూవు పడిపోయినచోట గింజ ఉండదు కదా.

అందుకే కొన్నిచోట్ల రైతులు మనిషికి ఇంత అని తీసుకుని లోపలికి రానిస్తున్నారు. దీనిమీద విసుక్కునేవాళ్ళు ఉన్నారు. "పూలు చూడ్డానికి కూడా డబ్బులా?" అంటారు. రోడ్డు మీద నుంచి చూస్తే ఎవరూ అడగరండీ. లోపలికి అడుగు పెడితే నష్టపోయేది ఆయన. హోటల్ గదికి వేలు పెడతాం, పార్కింగ్‌కి అడిగినంతా ఇస్తాం. మనం చూడ్డానికి వచ్చిందే ఆ చేను. దాన్ని పండించినాయన చేతిలో నోటు పెట్టడానికి బేరం ఎందుకు? డబ్బు ఇచ్చాం కదా అని మొక్కలు పీకి జడలో పెట్టుకోవడం కూడా వద్దు. గట్టు మీద నడవండి, వాళ్ళు చూపించిన చోట నిలబడండి. వాళ్ళని ఫోటో తీయాలంటే ఒక మాట అడగండి.

మరి అంతదూరం వెళ్ళలేనివాళ్ళ సంగతేంటి? మోకాళ్ళ నొప్పులున్న అమ్మకి, సెలవు దొరకని మనకి? పూలు మన రోడ్డు మీదకే వస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తెలంగాణలో ఏ అడవి పక్క రోడ్డు మీద వెళ్ళినా మోదుగు కనిపిస్తుంది. ఆకులన్నీ రాలిపోయి కొమ్మల నిండా ఎర్రటి నారింజ రంగు. హోలీ రంగు కోసం ఈ పూలనే నానబెట్టేవాళ్ళు. కాసేపు ఆగితే తేనెపిట్టలు, గోరింకలు వచ్చి వాలతాయి. ఎండలు ముదిరాక పసుపు గుత్తులు వేలాడదీసుకుని రేల, మే నెలలో తురాయి. బతుకమ్మ రోజులకి తంగేడు, గునుగు.

ఒక చిన్న పని చేయండి. రోజూ నడిచే దారిలో ఒక చెట్టుని ఎంచుకోండి. మొగ్గ ఎప్పుడు కనిపించింది, పూలు ఎప్పుడు రాలాయి, క్యాలెండర్‌లో ఆ తేదీ పక్కన రాసుకోండి. పాల లెక్క రాసే చోటే రాయొచ్చు. పిల్లలుంటే వాళ్ళకి అప్పజెప్పండి. రెండేళ్ళు గడిస్తే ఆ చెట్టు మీకు బంధువైపోతుంది. రేపు ఎవరైనా రోడ్డుకి అడ్డమని దాన్ని కొట్టేయడానికి వస్తే, "ఎందుకు?" అని అడిగే మనిషి ఆ వీధిలో ఒకరైనా ఉంటారు.

ఈ నవంబర్‌లో అరకు వెళ్తే గట్టు మీద నుంచే కళ్ళారా చూసి రండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. ఉంటానండీ, నమస్కారం.