మూడు నెలల రికార్డింగు ఎవరి కోసం?

ఇవాళ పల్లెల్లో నడిచే కమ్యూనిటీ రేడియోల గురించి, అందులోనూ లైసెన్సు షరతుల గురించి మాట్లాడుకుందాం. నేను అలాంటి ఒక చిన్న స్టేషన్‌లో కొన్నేళ్లు పనిచేశాను. అక్కడ నేను చేసిన తప్పే చెప్తాను.

2006లో కేంద్రం స్వచ్ఛంద సంస్థలకు కూడా రేడియో పెట్టుకునే అవకాశం ఇచ్చింది. 2008 అక్టోబరు 15న జహీరాబాద్ దగ్గర మాచునూరులో సంఘం రేడియో మొదలైంది. ఊరి దళిత మహిళలే దాన్ని నడిపారు. ఇలాంటి స్టేషన్లకు ఇచ్చే పవర్ 100 వాట్లు. పది పదిహేను కిలోమీటర్లు వినిపిస్తుంది, అంతే. స్టేషన్ చిన్నదే కానీ షరతులు మాత్రం చిన్నవి కావు. సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి వార్తలైతే ఉన్నవి ఉన్నట్టు వేసుకోవచ్చు. ప్రసారం చేసిన ప్రతి కార్యక్రమాన్నీ మూడు నెలలు దాచాలి.

ఈ చివరిదే మేము పట్టించుకోలేదు. కంప్యూటర్‌లో జాగా నిండిపోతే పాతవి తీసేసేవాళ్లం. ఆ పని చేసింది నేనే.

ఒకసారి మా ఊరి అక్క ఒకావిడ మైకు ముందు కూర్చుని, ఉపాధి హామీ కూలి డబ్బులు ఆలస్యమైతే ఇల్లు ఎట్లా గడుస్తుందో చెప్పింది. నెల తర్వాత మాకు నోటీసు వచ్చింది. మేము వార్తలు చెప్పామని, ఒక పార్టీ తరఫున మాట్లాడించామని ఎవరో ఫిర్యాదు చేశారట. రికార్డింగు పంపమన్నారు. పంపడానికి మా దగ్గర ఏముందండి? అక్క ఏ పార్టీ పేరూ ఎత్తలేదని మాకు తెలుసు. కానీ సాక్ష్యాన్ని నా చేత్తో నేనే చెరిపేశాను.

ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాం. చివరికి హెచ్చరించి వదిలేశారు. స్టేషన్ బతికింది. ఆ అక్క మాత్రం మళ్లీ మైకు దగ్గరికి రాలేదు. "నా వల్ల మీకెందుకయ్యా తంటా" అంది. ఆ మాట నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. మాట వినపడటానికి 64 కేబీపీఎస్ ఎంపీత్రీ చాలు. అంటే గంటకు సుమారు 29 ఎంబీ. రోజుకు ఎనిమిది గంటలు, 90 రోజులు కలిపితే 21 జీబీ కూడా దాటదు. ఒక్క 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో పడుతుంది! మేము భరించలేమనుకున్న షరతు అంత చిన్నదండి.

అందుకే చిన్న స్టేషన్ వాళ్లకు నేను చెప్పేది ఇదే. రోజూ ప్రసారం ముగియగానే ఆ రోజు ఫైలుకు తేదీ పేరు పెట్టి, రెండు చోట్ల దాచండి. ఏ గంటకు ఏ కార్యక్రమం వేశారో, ఎవరు మాట్లాడారో ఒక నోటుపుస్తకంలో రాయండి. ఈ పని ఒక్కరి మీదే వదలకండి, ఇద్దరికి నేర్పండి. మూడు నెలల రికార్డింగు అధికారుల కోసం అనుకున్నాను నేను. కాదండి, అది మన మైకు ముందు ధైర్యంగా మాట్లాడిన మనిషి కోసం.

వచ్చే ఎపిసోడ్‌లో ప్రకటనల సంగతి చూద్దాం. ఉంటానండి, నమస్కారం.