దాత గడప, ఊరి హక్కు



విజయనగర కాలపు వలసల పరంపరలో ఈ నేలకు చేరినట్లు చెప్పుకొనే తెలుగు రాజుల పేరే మన రాజపాళయానికి నిలిచినది. ఆ తరువాత కూడా బతుకుతెరువు వెదుక్కుంటూ ఎందరో తెలుగువారు దక్షిణాది పట్టణాలకు వచ్చారు, నేటికీ వస్తున్నారు. ఇంట తెలుగు, వీధిలో తమిళం మనందరికీ సమానమే. సంపద మాత్రం సమానం కాదు. ఒకే భాషలో పలకరించుకొనే ఇద్దరిలో ఒకరు మిల్లు యజమాని, మరొకరు రాత్రి షిఫ్టుకు వెళ్లే కార్మికుడు కావచ్చును. ధనవంతుడు "మనవాడే" అన్న అభిమానంలో ఈ అంతరం మరుగున పడుతుంది. ఆ మరుగు తొలగించి చూడవలెనన్నదే నేటి నా మనవి.

1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా ఇక్కడ రాజపాళయం మిల్స్ స్థాపించారు. ఆ సాహసం గొప్పది. అయితే నల్లరేగడిలో పత్తి పండించే రైతు, కదుళ్ల మధ్య నిలిచి నూలు తీసే కార్మికుడు, ఊరి నీరు, సరుకు సాగే బాట లేనిదే ఏ మిల్లూ నడవదు. పొరుగున ఛత్రపట్టిలో మరమగ్గాలపై నేసే కట్టుగుడ్డ కథా ఇంతే. పెద్ద సంపద ఒక్కరి పేర నమోదైనా, ఎందరి చేతులమీదుగానో వచ్చినదే.

ఆ సంపద తిరిగి ఊరికి చేరే దారులు మూడు: కూలి, దానం, పన్ను.

కూలి మొదటిది. న్యాయమైన కూలి ఇవ్వక చేసిన దానం, అప్పు తీర్చక పెట్టిన విందు వంటిది.

రెండవది దానం. ఈ ఊరి బిడ్డ పూసపాటి సంజీవి కుమారస్వామి రాజా 1949 నుండి 1952 వరకు మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించారు. తరువాత ఒడిశా గవర్నరుగా పనిచేశారు. ఆయన తమ సొంత ఇంటిని గాంధీ కలై మండ్రానికి ఇచ్చివేశారు. ఒక కుటుంబపు గడప ఊరందరి గడప అయినది. ఇది మనం గర్వించవలసిన విషయం. కాని ప్రతి ధనికునికీ అట్టి మనస్సు కలుగుతుందని ఊరు ఎదురుచూస్తూ కూర్చోరాదు. ఎంత ఇవ్వాలో, దేనికివ్వాలో, ఎప్పుడివ్వాలో నిర్ణయించేది దాత. మండపం కట్టించే దాతలు దొరుకుతారు. మురుగు కాలువ బాగుచేయించే దాత అరుదు.

అందుకే మూడవదైన పన్ను. అది దయ కాదు, బాధ్యత. మరణానంతరం వారసులకు చేరే ఆస్తిపై 1953లో వచ్చిన ఎస్టేట్ సుంకం 1985లో రద్దయినది. 1957లో వచ్చిన సంపద పన్నును 2015 బడ్జెటులో తొలగించారు. వసూలు స్వల్పం, వ్యయం అధికం అన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. బదులుగా కోటి రూపాయలు దాటిన ఆదాయంపై సర్‌చార్జి పెంచారు. కాని ఏటేటా వచ్చే ఆదాయం వేరు, తరతరాలుగా పేరుకొన్న ఆస్తి వేరు. ప్రపంచ అసమానతల పరిశోధనశాల 2024లో వెలువరించిన అంచనా ప్రకారం, 2022–23లో దేశ సంపదలో 40.1 శాతం కేవలం ఒక శాతం జనుల చేతిలో ఉన్నది.

మన పురపాలక సంఘపు లెక్కల్లోనే ఒక ఉదాహరణ చూడండి. తమిళనాట వృత్తిపన్ను స్థానిక సంస్థలకే చెందుతుంది. రాజ్యాంగంలోని 276వ అధికరణం ప్రకారం అది ఒక వ్యక్తిపై ఏడాదికి 2,500 రూపాయలు మించరాదు. 1988 సవరణలో ఏర్పడిన ఈ హద్దు నేటికీ కదలలేదు. కోట్లు ఆర్జించేవారైనా ఆ మొత్తం దాటి చెల్లించనక్కరలేదు. ఇక ఆస్తిపన్ను సంగతి: పెద్ద కట్టడానికి పెద్ద మొత్తం రావాలి. అది సరిగా లెక్కకట్టి సకాలంలో వసూలైతేనే వీధి దీపం వెలుగుతుంది, మంచినీటి గొట్టం మరమ్మతవుతుంది. ధనికునికి సొంత బోరుబావి, సొంత జనరేటరు ఉంటాయి. ఊరి కుళాయి ఎండితే బిందె పట్టుకొని నిలబడేది పేదవాడే.

కనుక మిత్రులారా, దాతను గౌరవిద్దాం. ఆ గౌరవంతోపాటు వార్డు సభ్యుని కలిసి, ఎంత పన్ను రావలసి ఉన్నది, ఎంత వచ్చినది, దేనికి ఖర్చయినది అని అడుగుదాం. మన పన్ను మనం ముందుగా చెల్లించి అడుగుదాం. నిన్న వచ్చినవారమైనా, నాలుగు వందల ఏండ్ల క్రితం వచ్చినవారమైనా, ఈ ఊరి లెక్క అడిగే హక్కు మనందరిదీ.