యూదుల తోరా - నీళ్ల పోలిక



ఏర్పేడులో యూదుల తోరా గురించి ప్రసంగమా అని కార్యదర్శిగారు నవ్వారు. వాళ్లు మనకు మరీ దూరం కాదండీ. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ వారు తమను యూదులుగానే చెప్పుకుంటారు. వారికి ప్రార్థనా మందిరం కూడా ఉంది.

తోరా అంటే ముఖ్యంగా మోషే పేరున ఉన్న అయిదు గ్రంథాలు. దాన్ని తోలు మీద చేత్తో రాసి, రెండు కర్రలకు చుట్టి ఉంచుతారు. సామెతల గ్రంథంలోని పోలికను బట్టి ఆ కర్రలను జీవవృక్షాలంటారు. యిర్మీయా ప్రవక్త దైవవాక్కును నిప్పుతోనూ, బండను పగలగొట్టే సుత్తితోనూ పోల్చాడు. తేనె పోలిక మరీ ముచ్చటైనది. మధ్యయుగాల్లో జర్మనీ యూదులు పిల్లవాణ్ణి చదువులో వేసేటప్పుడు పలకమీది అక్షరాలకు తేనె పూసి నాకించేవారట. మనం పళ్లెంలో బియ్యం పోసి దిద్దిస్తాం. మా మనవడు ఆ బియ్యం నోట్లో వేసుకున్నాడు. వాడిది యూదుల పద్ధతే!

నాకు నచ్చింది నీళ్ల పోలిక. మోషే వెంట వెళ్లినవారు ఎడారిలో మూడు రోజులు నీళ్లు లేక అల్లాడారు. తాల్ముదు పండితులు ఆ నీళ్లంటే తోరాయే అన్నారు. అందుకే మూడు రోజులు వరుసగా ఎడం రాకుండా సోమ, గురు, శనివారాల్లో సభలో తోరా చదువుతారు. కరువు సీమ వాళ్లం, ఆ మాట మనకు వేరే చెప్పాలా? ఇంకొక మాట కూడా అన్నారు. నీరు మిట్టను విడిచి పల్లానికి చేరినట్టే తోరా అణకువ గలవాడి దగ్గర నిలుస్తుందట. నీరు పల్లమెరుగునని మనవాళ్లూ అన్నారు.

1926లో ఇక్కడ వ్యాసాశ్రమం స్థాపించిన మలయాళ స్వాములవారు కులభేదం, ఆడామగా భేదం లేకుండా అందరికీ ఓంకారం, వేదాంతం బోధించారు. అక్షరం రాని మా అమ్మ ఆశ్రమంలో విన్నది ఇంటికొచ్చి మాకు చెప్పేది.

ఆమె కొడుకునైన నేను గుమాస్తానయ్యాను. ఒకనాడు ఒక ముసలమ్మ కాగితం తెచ్చి, "ఇందులో ఏముండాదో రవంత చదివి చెప్పు నాయనా" అంది. భోజనాల వేళ. రేపు రమ్మన్నాను. ఆమె మళ్లీ రాలేదు. అందులో బకాయి ఉందో, గడువు ఉందో నేను చూడనైనా లేదు.

ఇప్పుడు సోమ, గురువారాల్లో ఉదయం పది నుంచి మన సంఘం గదిలో ఉంటున్నాను. ఎవరి కాగితమైనా చదివి చెబుతాను. మీ ఇరుగుపొరుగు వారికి కూడా చెప్పండి. సెలవు.