బాహుకుని కొలువు



నలుగురికి అన్నం పెట్టిన చేయి, పని కోసం మరొకరి ముందు చాచవలసి వస్తే ఆ మనస్సు ఎంత క్షోభిస్తుందో ఈనాడు కొంచెం విచారిద్దాం.

మన ఆదిలాబాదు ప్రాంతంలో కాగజ్‌నగర్ ఉన్నది. ఆ ఊరి పేరే కాగితం వల్ల వచ్చింది. అక్కడి సిర్పూరు కాగితపు మిల్లు 1942లో ఉత్పత్తి ప్రారంభించి, 2014 సెప్టెంబరులో ఆగిపోయింది. మిల్లు ఆగితే కార్మికుని జీతం ఒక్కటే ఆగదు. అతనికి ఉదయం ఇడ్లీ పెట్టే హోటలు పొయ్యి కూడా ఆరిపోతుంది.

అటువంటి హోటలు నడిపిన గృహస్థు ఒకరు ధర్మపురిలో గోదావరీ స్నానం చేసి, నృసింహస్వామిని సేవించుకొని, నాతో తన బాధ చెప్పుకున్నారు. అది తండ్రి పెట్టిన హోటలు. షిఫ్టు దిగిన కార్మికులకు ఖాతా మీద టిఫిను, భోజనం పెట్టేవారు. మిల్లు మూతపడ్డాక ఆ బాకీలు అడగడానికి ఆయనకు నోరు రాలేదు. రెండేళ్లు అప్పుచేసి నడిపి, యాభై రెండవ ఏట తాళం వేశారు. మంచిర్యాలలో, కరీంనగరంలో పని అడిగితే కొందరు వయస్సు మళ్లిందన్నారు. కొందరు, “యజమానిగా బ్రతికిన వారికి మేము పని చెప్పేదెట్లా?” అన్నారు. చివరకు రమ్మన్నది ఎవరు? ఒకప్పుడు ఆయన హోటలులోనే కప్పులు కడిగి, ఇప్పుడు కరీంనగరంలో మెస్సు నడుపుతున్న కుర్రవాడు! “ఏ ముఖంతో వాని దగ్గర చేరేది స్వామీ?” అని ఆయన కన్నీరు పెట్టుకున్నారు.

నేను ఆయనకు నలోపాఖ్యానం గుర్తుచేశాను. అరణ్యపర్వంలో బృహదశ్వ మహర్షి ధర్మరాజుకు చెప్పిన కథ అది. నిషధ దేశాన్ని ఏలిన నలుడు జూదంలో సర్వస్వం పోగొట్టుకున్నాడు. కర్కోటకుని కాటుతో రూపం మారి, బాహుకుడనే పేరుతో అయోధ్యకు వెళ్లి ఋతుపర్ణ మహారాజును పని అడిగాడు. అక్కడ తన పూర్వవైభవం చెప్పుకోలేదు. గుర్రాలను తోలగలనని, వంట బాగా వచ్చునని, తనకు తెలిసిన పని చెప్పాడు. ఆ కొలువులో అప్పటికే ఎవరున్నారో తెలుసా? ఒకనాడు నలుని రథం తోలిన వార్ష్ణేయుడు! తన సేవకుడున్న చోటనే ప్రభువు జీతానికి కుదిరాడు. నలుని కీర్తి తగ్గిందా? దమయంతి అతనిని గుర్తించడానికి తోడ్పడిన ఆనవాళ్లలో అతని వంట రుచి కూడా ఒకటి. కిరీటం పోయినా చేతిలోని విద్య పోలేదు.

ఇంకొక రహస్యమున్నది. విదర్భకు పోతూ దారిలో తాండ్రచెట్టు దగ్గర ఋతుపర్ణుడు అక్షహృదయాన్ని, అంటే పాచికల మర్మాన్ని, నలునికి ఉపదేశించాడు. ఆ విద్య అందిన తోడనే కలి అతనిని విడిచిపోయాడు. ఏ తెలియనితనం వల్ల పడ్డాడో, దానినే వినయంతో నేర్చుకొని లేచాడు.

ఆ గృహస్థు మెస్సులో చేరారు. మొదటిరోజు ఆ కుర్రవాడు అలవాటు కొద్దీ “సేటూ” అని పిలిస్తే, “ఇక్కడ సేటువు నువ్వే బిడ్డా” అన్నారట. ఆ మాటతో గుండెమీది బరువు దిగిందని తరువాత నాతో అన్నారు. ఆయన వానికి పప్పుచారు రుచి నేర్పారు. వాడు ఆయనకు లెక్క నేర్పాడు. రోజూ బియ్యం తూచి ఇవ్వడం, అరువుకు హద్దు పెట్టడం, రాత్రికి రాత్రే ఖర్చు వ్రాసుకోవడం నేర్చుకున్నారు. ఇదే ఆయనకు అక్షహృదయం.

నలునికి రాజ్యం తిరిగి వచ్చింది. అందరికీ రాదు. 2018లో జేకే పేపర్ సంస్థ చేతిలో ఆ మిల్లు మళ్లీ తెరుచుకున్నది. కాని ఈయన హోటలు తెరుచుకోలేదు. అయినా నెలనెలా కొంత చొప్పున అప్పు తీర్చి, తలెత్తుకొని నడుస్తున్నారు.

కనుక పని వెదికే పెద్దలారా, నిన్నటి హోదా చెప్పకండి, నేటి నేర్పు చెప్పండి. ఇంటివారలారా, అలసి వచ్చినవారిని “దొరికిందా?” అని అడిగే ముందు ఒక గ్లాసు మంచినీళ్లివ్వండి. పని ఇచ్చే స్తోమత గల భక్తులారా, తల నెరిసినవాడు వాకిట నిలబడితే వయస్సు లెక్కించకండి. బాహుకుని రూపంలో నలుడే వచ్చాడేమో! ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడం పుణ్యం. అన్నం వండగలవానికి పొయ్యి చూపించడం అంతకు తక్కువ పుణ్యం కాదు.

ధర్మపురి నృసింహుడు అందరినీ చల్లగా చూచుగాక! స్వస్తి.