మాస్టారి పింఛను లెక్క

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుంచి కొలువులో చేరిన ప్రభుత్వ ఉపాధ్యాయులు దాదాపు అందరూ సీపీఎస్, అంటే కాంట్రిబ్యూటరీ పింఛను పథకం కిందికి వస్తారు. మూలవేతనం, కరువు భత్యం కలిపి అందులో 10 శాతం నెలనెలా జీతంలోంచి ప్రాన్ ఖాతాకు, అంటే ఎవరి పేరున వారికుండే శాశ్వత పింఛను ఖాతాకు వెళ్తుంది. ప్రభుత్వమూ తన వాటా కలుపుతుంది.

విరమణ నాడు ఆ ఖాతాలో పోగైన సొమ్ములో సాధారణంగా కనీసం 40 శాతంతో యాన్యుటీ, అంటే నెలనెలా పింఛను ఇచ్చే బీమా పథకం కొనాలి. నెలవారీ పింఛను దానిమీదే వస్తుంది. పాత పింఛనులా దీనికి కరువు భత్యం తోడవదు. అసలు చిక్కు ఇదే. పదేళ్ల తర్వాత మందుల ఖర్చు పెరుగుతుంది, పింఛను అంతే ఉండొచ్చు. అందుకే చేతికొచ్చే మిగతా సొమ్మంతా ఇంటికో, పెళ్ళికో పెట్టేయడం మంచిది కాదు.

టీచరమ్మలూ, మాస్టార్లూ! ఈ వారమే ప్రాన్ స్టేట్‌మెంట్ తీయండి. ప్రతి నెల వాటా జమైందా, నామినీ పేరు సరిగ్గా ఉందా చూసుకోండి.